హిమాలయ వంటలను వాటి పేర్లతోనే వడ్డించండి

సంపాదకులకు నమస్కారం.

‘హిమాలయన్ అండ్ ఇండియన్’ అని బోర్డు పెట్టుకున్న రెస్టారెంట్లు ఇప్పుడు చాలా దేశాల్లో కనిపిస్తున్నాయి. నేపాల్, టిబెట్, భూటాన్‌ల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు నడుపుకొంటున్న ఇటువంటి చోట్ల మేము కొన్నేళ్లుగా తరచూ భోజనం చేస్తున్నాం. వారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ గౌరవంతోనే రాస్తున్నాను. బోర్డు మీద ముందు వరుసలో నిలిచిన ‘హిమాలయన్’ అన్న మాట, మెనూ తెరిచేసరికి ఒక మూలకు చేరిపోతోంది. వందకు పైగా వంటకాలున్న మెనూలో ఆ భాగానికి దక్కేది మొమోలు, థుక్పా అనే నూడుల్స్ పులుసు, చౌమీన్, మహా అయితే ఒక ‘హిమాలయన్ థాలీ’. తక్కినదంతా నాన్, బటర్ చికెన్, పాలక్ పనీర్, కోర్మాలే. ఆ కొద్దిపాటి వంటకాలకైనా చాలాచోట్ల సొంత పేరు ఉండదు, ‘పర్వత ప్రాంతపు సూప్’ అనో ‘హిమాలయన్ డంప్లింగ్స్’ అనో రాసి ఊరుకుంటారు. ఆ వంటలను వాటి పేర్లతో, వాటి పద్ధతిలో వడ్డించమని యజమానులను, పేరు పెట్టి అడిగి తినమని మన తెలుగువారిని కోరడానికే ఈ లేఖ.

ఈ ఆలోచన నాకు ఎలా కలిగిందో చెప్పాలి. ఒకరోజు భోజనాల వేళ దాటిపోయాక, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, అలాంటి ఒక రెస్టారెంటుకు వెళ్లాం. బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. వంటగది పక్కనున్న బల్ల దగ్గర మాత్రం అక్కడ పనిచేసేవాళ్లు కూర్చుని అన్నం తింటున్నారు. వాళ్ల కంచాల్లో అన్నం, చిక్కటి నల్లని పప్పు, ముల్లంగి పచ్చడి, ఒక గిన్నెలో ముదురు రంగు పులుసు ఉన్నాయి. మేము చూస్తున్న మెనూలో వాటిలో ఒక్కటీ లేదు. అదేమిటని అడిగితే యజమానురాలు కొంచెం మొహమాటపడి, అది మేము తినే తిండి, మీకు నచ్చదేమో అన్నారు. మేము పట్టుబట్టాక ఒక గిన్నెలో పులుసు, చిన్న కంచంలో కాస్త అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. ఆ పులుసు గుంద్రుక్. ఆవ ఆకులు, ముల్లంగి ఆకులు వడలనిచ్చి, నలగ్గొట్టి, కుండలో గాలి చొరబడకుండా కూరి, కొన్నాళ్లు పులియనిచ్చి, ఆ తరువాత ఎండబెట్టి దాచుకునే నేపాలీ కొండల కూర అది. వేడి పులుసు నోట్లోకి వెళ్లగానే మొదట పులుపు తగిలింది, తరువాత ఎండిన ఆకుల వాసన ముక్కుకెక్కింది, ఆఖరున నాలుక చివర సన్నగా తిమ్మిరి మొదలైంది. ఆ తిమ్మిరి టిముర్ వల్ల వచ్చిందని, అది కొండల్లో పెరిగే ముళ్ల చెట్టు కాయ అని, చైనాలో సిచువాన్ మిరియం అనేదానికి దగ్గరి చుట్టమని ఆవిడే చెప్పారు. పప్పు మీద వేసిన నేతి పోపులో నల్లబడిన సన్నని పోచలు కనిపించాయి. అవి జింబూ. ఉల్లి, వెల్లుల్లి జాతికి చెందిన ఈ మొక్క ఆకులను ఎత్తైన కొండల మీద కోసి ఎండబెడతారు. నేతిలో పడితే చాలు, మినప్పప్పు రుచి మొత్తం మారిపోతుంది.

ఇంత మంచి వంటను మెనూలో ఎందుకు పెట్టలేదని అడిగాను. మొదట్లో పెట్టామండీ, ఎవరూ అడగలేదు, అందుకని తీసేశాం అన్నారు. ఆ జవాబు విన్నాక నాకు ఆ పూట వేరే ఏదీ తినబుద్ధి కాలేదు. నాతో సహా ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరమూ, ఎక్కడైనా దొరికే పనీరు కూర అడిగి తిని, వాళ్ల సొంత వంటను వంటగది పక్కనున్న బల్లకు నెట్టేశాం.

అసలు ‘హిమాలయన్’ అన్నది ఒక వంట పేరు కాదు. హిమాలయాలు దాదాపు 2,400 కిలోమీటర్ల పొడవున, భారత్, నేపాల్, భూటాన్, పాకిస్తాన్, చైనా ఏలుబడిలోని టిబెట్ మీదుగా వంపు తిరిగి ఉన్న పర్వతశ్రేణి. ఆ పొడవున ఎన్ని భాషలున్నాయో అన్ని వంటలున్నాయి. పొడవుతో పాటు ఎత్తు కూడా వంటను మారుస్తుంది. సముద్రమట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి వెళ్లిన ప్రతిసారీ నీరు మరిగే వేడి ఒక డిగ్రీ సెల్సియస్ వంతున తగ్గుతూ వస్తుంది. ఎవరెస్టు దారిలో ఉన్న నామ్చే బజార్ ఎత్తు దాదాపు 3,440 మీటర్లు; అక్కడ నీరు 88, 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి పప్పు ఎంతసేపటికీ ఉడకదు, కట్టెలు మాత్రం తరిగిపోతాయి. అంత ఎత్తున వరి పండదు, బార్లీ పండుతుంది. ఆ బార్లీని ముందే వేయించి పిండి పట్టించి ఉంచుకుంటే, వెన్న, ఉప్పు వేసి చిలికిన టీలో కలిపి ముద్ద చేసుకుని అప్పటికప్పుడు తినేయవచ్చు. మళ్లీ పొయ్యి వెలిగించే పని లేదు. టిబెటన్ల త్సంపా ఇదే. పిండిని చేత్తో సాగదీసి, బొటనవేలంత ముక్కలుగా తుంచి మరిగే పులుసులో వేసే థెన్‌తుక్ కూడా అలాంటి చోట పుట్టిన వంటే. ఈ సంగతి తెలిసి తినేవారికి ఆ గిన్నె విలువ వేరుగా ఉంటుంది. మెనూలో ఒక్క వాక్యం రాస్తే చాలు, ఆ తెలివిడి తినేవారికి అందుతుంది.

ఎత్తు కాస్త తగ్గితే నేపాల్‌లో థకాలీల వంట ఉంది. కాళీ గండకీ లోయలో, ముస్తాంగ్ ప్రాంతంలో స్థిరపడిన థకాలీలు ఒకప్పుడు టిబెట్ ఉప్పుకు, నేపాల్ దక్షిణాన ఉన్న పల్లపు ప్రాంతాల ధాన్యానికి మధ్య జరిగే వ్యాపారంలో పేరుమోసినవారు. ఆ దారి వెంట బాటసారులకు భట్టీలు, అంటే పూటకూళ్ల ఇళ్ల వంటివి నడిపేవారు. ఉప్పు వ్యాపారం సన్నగిల్లాక వారిలో చాలామంది పోఖరాకు, కాఠ్మాండూకు తరలివెళ్లి అక్కడ భోజనశాలలు పెట్టారు. ఈరోజు నేపాల్‌లో మంచి భోజనం అంటే ముందుగా గుర్తొచ్చేది థకాలీ ఖానానే. ఇత్తడి కంచం, మధ్యలో అన్నం కానీ రాగిపిండితోనో బక్‌వీట్ పిండితోనో గట్టిగా కెలికిన ఢిండో కానీ, జింబూ పోపు వేసిన పప్పు, ఆకుకూర, గుంద్రుక్, అచార్ అనే పచ్చడి, పైన నెయ్యి. పప్పు, అన్నం, కూర అడిగినకొద్దీ మళ్లీ వడ్డించడం నేపాలీ దాల్ భాత్ భోజనంలో మర్యాద. దీన్నే తెచ్చి ‘హిమాలయన్ థాలీ’ అని పేరు మార్చి, చిన్నచిన్న గిన్నెల్లో ఒక్కసారి సర్ది ఇచ్చి, మారు వడ్డించకుండా బిల్లు తెచ్చి పెడుతున్నారు. పేరుతో పాటు మర్యాద కూడా పోయింది.

కాఠ్మాండూ లోయలోని నెవార్ల వంట మరో లోకం. మినప్పప్పు రుబ్బి పెనం మీద మందంగా కాల్చే బారా, బియ్యప్పిండితో పలుచగా పోసే చటామరీ, అటుకుల చుట్టూ మాంసం, సోయా గింజలు, అల్లం, వెల్లుల్లి, అచార్ అమర్చే సమయ్ బజీ, బియ్యప్పిండి తొడుగులో చాకు అనే బెల్లపు పాకాన్నీ నువ్వులనీ పెట్టి ఆవిరి మీద ఉడికించే యోమరీ, ఇవన్నీ వారివి. టిబెట్ రాజధాని లాసాతో తరతరాలుగా వ్యాపారం చేసిన నెవార్ వర్తకుల ద్వారానే టిబెటన్ మొమో కాఠ్మాండూకు వచ్చిందని చెబుతారు. అక్కడికి వచ్చాక దానికి మసాలా తోడైంది, నువ్వులు, టమాటా వేసి నూరిన అచార్ పక్కన చేరింది, పలుచటి పులుసులో మునిగే ఝోల్ మొమో పుట్టింది. మొమోను చూడగానే అది చైనా వంటకమే కదా అని తేల్చేసేవారిని మనలో చాలామందిని చూశాను. చేత్తో మడిచిన మొమోను ఒకసారి దగ్గరగా చూడండి. తొడుగు అంచున పలుచగా, అడుగున కాస్త మందంగా ఉంటుంది. లోపల ఊరిన రసానికి అడుగు చిరగకూడదని అలా వత్తుతారు. పైన కుచ్చిళ్లు ఒకే బిగువుతో ఉండాలి. ఆవిరి గిన్నె నుంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే తినాలి, చల్లారితే తొడుగు బిరుసెక్కుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసి నూనెలో వేయించి ఇచ్చేవాటికి ఈ నేర్పు అక్కర్లేదు. రెండింటినీ ఒకే పేరుతో అమ్మడం, తెల్లవారకముందే లేచి పిండి కలిపే వంటమనిషికి అన్యాయం.

బోర్డు మీద ‘హిమాలయన్’కూ ‘ఇండియన్’కూ మధ్య ఉన్న ఆ ‘అండ్’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. హిమాలయాలు మన దేశంలోనూ ఉన్నాయి కదా. లడఖ్‌లో గోధుమపిండిని బొటనవేలితో నొక్కి దుంపకూరలతో ఉడికించే స్క్యూ ఉంది. హిమాచల్‌లో పెళ్లిళ్లకు, ఉత్సవాలకు బోటీలు అనే వంట బ్రాహ్మణులు వండగా అందరూ నేల మీద వరుసగా కూర్చుని ఆకుల్లో తినే ధామ్ ఉంది, అందులో సెనగలను పెరుగులో సన్నని సెగ మీద ఉడికించే మద్రా ఉంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండల్లో ఉలవలు, రాగులు, ఊదలు, నల్ల సోయా ఉన్నాయి. సిక్కిం, డార్జిలింగ్‌లలో పులియబెట్టిన సోయాతో చేసే కినెమా ఉంది. ‘ఇండియన్’ అన్న పేజీలో వీటిలో ఒక్కటైనా నేను ఇంతవరకు చూడలేదు. ఆ పేజీ అంతా ఉల్లి, టమాటాలు ముందే ఉడికించి పెట్టుకున్న గ్రేవీలో క్రీము ఒకదానికి ఎక్కువ, మరొకదానికి తక్కువ కలిపి పుట్టించే కూరలతో నిండిపోయింది. కాబట్టి ఈ చిన్నచూపు నేపాలీ, టిబెటన్ వంటలకే పరిమితం కాలేదు. మన దేశపు కొండల వంటలు కూడా ఆ రెండు మాటల మధ్య ఎవరికీ కాకుండా పోయాయి.

పేర్లు సరిగా లేకపోతే అన్యాయంతో పాటు హాని కూడా జరుగుతుంది. మా నాన్నగారు జన్మలో మాంసం ముట్టినవారు కారు. ఒక రెస్టారెంటులో ఆయన కోసం ‘వెజిటబుల్ థుక్పా’ చెప్పాం. చలిలో వచ్చారేమో, వేడివేడి పులుసు రెండు గరిటెలు ఇష్టంగా తాగారు. మూడో గరిటెలో చిన్న ఎముక ముక్క వచ్చింది. ఆయన గరిటె కింద పెట్టి మౌనంగా ఉండిపోయారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అడిగితే, కూరగాయలు వేసినది కాబట్టి వెజిటబుల్ థుక్పా అయింది, పులుసు మాత్రం అన్నింటికీ ఒకటే, ఎముకలతో కాచినదే అని జవాబు వచ్చింది. వాళ్లు కావాలని మోసం చేశారని నేను అనడం లేదు. చలి ప్రాంతంలో థుక్పాకు ఎముకల పులుసే ప్రాణం, వాళ్ల దృష్టిలో అది ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి కూడా కాదు. కానీ డబ్బు తీసుకుని బయటివారికి వడ్డించేటప్పుడు చెప్పి తీరాలి. పులుసు దేనితో కాచారో, కూరగాయల మొమోలను మాంసపు మొమోల కింద అరలో పెట్టి ఉడికిస్తున్నారో విడిగా ఉడికిస్తున్నారో, వేయించే నూనె ఒకటేనో కాదో మెనూలోనే రాయాలి. మొమో అచార్‌లో నువ్వులుంటాయి. నువ్వులు పడనివారికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. త్సంపా బార్లీ పిండి కాబట్టి గ్లూటెన్ పడనివారు దాన్ని తినకూడదు. ‘హిమాలయన్ సాస్’ అని రాస్తే ఇందులో ఏదీ ఎవరికీ తెలియదు.

కారం ఎంత కావాలి, ఒకటి నుంచి ఐదులో చెప్పండి అని ప్రతి వంటకానికీ అడిగే పద్ధతి ఒకటి పాతుకుపోయింది. గ్రేవీ కూరలకు అది సరిపోతుందేమో. థుక్పాకు, దాల్ భాత్‌కు సరిపోదు. వాటిలో కారం పక్కనున్న అచార్‌లో ఉంటుంది, తినేవారు తమకు కావలసినంత కలుపుకొంటారు. భూటాన్ వారి ఎమా దత్సికి అసలే సరిపోదు. ఎమా అంటే మిరపకాయ, దత్సి అంటే జున్ను. అక్కడ మిరపకాయే కూరగాయ. దాన్ని తగ్గించమంటే వంటకమే మిగలదు. ఒకసారి మా పక్క బల్ల వారు ఎమా దత్సి ‘ఒకటో నంబరు కారం’తో కావాలన్నారు, వంటగదిలోంచి క్యాప్సికం వేసిన జున్ను సాస్ వచ్చింది. అడిగినవారికీ తృప్తి కలగలేదు, వండినవారికీ తృప్తి కలిగి ఉండదు. ఇది మిరపకాయల వంట, కారంగానే ఉంటుంది అని వడ్డించేవారు ముందే చెప్పి ఉంటే, వారు వేరే ఏదైనా చెప్పుకుని హాయిగా తినేవారు.

యజమానుల ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. ఒకే గ్రేవీ ఉంటే ఇరవై కూరలు నిమిషాల్లో తయారవుతాయి. ఢిండో అలా కాదు, అడిగాక అప్పటికప్పుడు కెలకాలి, చల్లారితే గట్టిపడుతుంది. గుంద్రుక్, జింబూ, టిముర్ దూరం నుంచి తెప్పించుకోవాలి. అడిగేవారు లేకపోతే పాడవుతాయి. అద్దె కట్టాలంటే జనం ఎరిగిన పేర్లే ముందు పెట్టాలి. ఇదంతా నిజమే. అయినా దారి లేకపోలేదు. వారంలో ఒకరోజు పూర్తిగా థకాలీ భోజనమనో నెవార్ భోజనమనో ప్రకటించి, కావలసినవారు ముందురోజే ఫోన్ చేసి చెప్పాలని పెట్టుకుంటే సరుకు వృథా కాదు, పనివాళ్లకూ లెక్క తెలుస్తుంది. ఎలాగూ వాళ్ల కోసం వాళ్లు ప్రతి మధ్యాహ్నం అదే వంట వండుకుంటున్నారు కదా; ఆ గిన్నెను కాస్త పెద్దది చేస్తే చాలు. ఇలాంటి భోజనానికి మామూలు కూర కంటే కొంత ఎక్కువ ధర పెట్టినా ఇచ్చేవారుంటారని నా నమ్మకం, నేనైతే సంతోషంగా ఇస్తాను.

ఇక మన సంగతి. కొత్త చోటికి వెళ్లి, మనం ఎరిగిన కూరనే అడిగి, మన వంటింటి రుచితో పోల్చి, ఉప్పు చాలలేదు, కారం లేదు అని పెదవి విరిచి రావడం మనలో చాలామందికి అలవాటైపోయింది. పదిమంది కలిసి వెళ్లినప్పుడైనా కనీసం రెండు వంటకాలు ఆ కొండలవి చెప్పండి. అది ఎవరి వంట, ఏ ఊరిది అని వడ్డించేవారిని అడగండి. ఆ ప్రశ్న విన్నప్పుడు వాళ్ల ముఖం ఎలా వికసిస్తుందో నేను చూశాను. మొదట మొహమాటపడిన ఆ యజమానురాలే, మేము గుంద్రుక్ గురించి రెండో ప్రశ్న వేసేసరికి కుర్చీ లాక్కుని కూర్చుని, చలికాలానికి ముందు వాళ్లమ్మ మిద్దె మీద ఆకులు ఎలా ఆరబెట్టేదో చేతులతో చూపించారు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. భోజనశాలల గురించి, ప్రయాణాల గురించి మీరు వ్యాసాలు వేసినప్పుడు ‘హిమాలయ రుచులు’ అన్న మాటతో సరిపెట్టకుండా, ఏ వంట ఎవరిదో, ఏ దినుసు ఎక్కడిదో రాయించండి. ‘హిమాలయన్ ఉప్పు’ అని అమ్మే గులాబీ రంగు ఉప్పు పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనుల్లోనిదని, అవి ఉన్నది సాల్ట్ రేంజ్ అనే వేరే కొండల వరుసలోనని చాలామందికి తెలియదు. యాక్ అంటే టిబెటన్లకు మగ జడల బర్రె అని, ఆడదాన్ని వారు ద్రి అంటారని, కనుక వారి లెక్కన ‘యాక్ పాల జున్ను’ అన్న మాటే సరికాదని కూడా తెలియదు. ఇవి పెద్ద విషయాలు కాకపోవచ్చు, కానీ ఆ ప్రాంతాల వారు చదివినప్పుడు తమ గురించి శ్రద్ధగా రాశారని సంతోషిస్తారు.

ఆ మధ్యాహ్నం మాకు గుంద్రుక్ రుచి చూపించిన రెస్టారెంటుకు వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. నాన్నగారికి పులుసు విడిగా, కూరగాయలతోనే కాస్తామని ఆవిడ మాట ఇచ్చారు. ఆరుగురికి ఢిండో కావాలని శనివారం ఫోన్ చేసి చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు